చిన్న పత్రికకు ప్రకటనలు ఎందుకు రావు?

పత్రిక నడిచేది పాఠకులు ఇచ్చే డబ్బుతోనని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. దినపత్రిక ఒక ప్రతికి కాగితం, సిరా, అచ్చు, రవాణా, అమ్మేవాని కమీషను అన్నీ కలిపి అయ్యే ఖర్చు, పాఠకుడు ఇచ్చే వెలకంటె సాధారణంగా ఎక్కువే. ఆ తక్కువను పూడ్చేవాడు వేరొకడున్నాడు. అతడు పత్రికను చదవడానికి కాదు, చదివేవారి కంట పడడానికి డబ్బిస్తాడు. అతడే ప్రకటనదారు. అంటే పత్రిక రెండు సరకులను ఇద్దరికి అమ్ముతున్నదన్నమాట: పాఠకునికి వ్రాతను, వర్తకునికి పాఠకుని చూపును. మొదటి సరకు బాగున్నంత మాత్రాన రెండవది అమ్ముడుపోతుందనే నియమం లేదు. చిన్న పత్రికల కష్టమంతా ఇక్కడనే పుట్టింది.

ఈ కిటుకును స్పష్టంగా పట్టుకొని ప్రయోగించినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన ఎమీల్ ద జిరార్దాఁ. అతడు 1836లో పారిస్ నగరంలో లా ప్రెస్ అనే దినపత్రిక పెట్టి, తక్కిన పత్రికలు ఏడాదికి 80 ఫ్రాంకులు చందా తీసుకొంటుండగా తాను 40 ఫ్రాంకులకే ఇచ్చాడు. వెల తగ్గితే పాఠకులు పెరుగుతారు, పాఠకులు పెరిగితే ప్రకటనలు వస్తాయి, ప్రకటనలు వస్తే సగం చందా నష్టం తీరిపోతుంది అని అతని లెక్క. ఇంగ్లండులో ఇంత తేలికగా జరగలేదు. అక్కడ ప్రతి ప్రకటన మీద ప్రభుత్వం 1712 నుండి పన్ను వసూలు చేసేది. 1853లో ఆ పన్ను తీసివేసిన తరువాతనే చవుక పత్రికలకు దారి ఏర్పడింది.

మన దేశంలో అచ్చైన మొదటి పత్రిక, 1780లో కలకత్తాలో హికీ అనే ఆయన నడిపిన బెంగాల్ గెజెట్, ప్రకటనలతోనే మొదలయింది. కాని అది ఓడలలో వచ్చిన దొరల సరకుల సంగతి. తెలుగు పల్లెకు దానితో పనిలేదు.

పల్లెలో అమ్మజూపే సరకేది?

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం నుండి ఆకివీడు పోయే దారిలో ఉండి అనే ఊరున్నది. చుట్టూ కాలువలు, వరిచేలు, ఇప్పుడైతే చేపల చెరువులు, రొయ్యల చెరువులు. పడమరగా పోతే కొల్లేరు. నూరేళ్ల క్రిందట ఇటువంటి ఊరిలో పత్రిక చదివేవాడు ఒకడున్నాడనుకొందాం. అతడు కొనే బియ్యానికి పేరు లేదు, పప్పుకు పేరు లేదు. నూనె గానుగనుండి వస్తుంది, బట్ట సాలెవాని మగ్గంనుండి వస్తుంది. ఏ దుకాణంలో ఏమున్నదో ఊరందరికీ తెలుసు. తెలియనిది ఏదైనా ఉంటే టముకు వేయిస్తే సరిపోతుంది. పేరు లేని సరకుకు ప్రకటన ఎందుకు?

1902లో ఏలూరునుండి సత్తిరాజు సీతారామయ్య హిందూసుందరి అనే స్త్రీల మాసపత్రికను వెలువరించారు. ఆ ఏడే మచిలీపట్నంలో కృష్ణాపత్రిక పుట్టింది. అటువంటి పత్రికలకు దొరకగలిగిన ప్రకటనలు కొన్ని తరగతులవే: మందులు, పుస్తకాలు, తలనూనెలు, సబ్బులు, గడియారాలు. ఈ సరకులకు ఉమ్మడి లక్షణం ఒకటున్నది. అవి చిన్నవి, పొట్లం కట్టి తపాలాలో పంపవచ్చు. మన తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది. పొట్లం ఇంటికి వచ్చిన తరువాతనే డబ్బు కట్టవచ్చు. ఆ డబ్బును తపాలావారే వర్తకునికి చేరవేస్తారు. ఊరూపేరూ ఎరుగని మద్రాసు వర్తకుని నమ్మి ముందుగా మనియార్డరు పంపవలసిన భయం దీనితో పోయింది. పత్రికలోని ప్రకటన, వి.పి.పి. పొట్లం, ఈ రెండూ కలిస్తేనే మద్రాసు దుకాణం ఉండి పాఠకుని గుమ్మంలోకి వచ్చినట్లు. పత్రికల చరిత్రలు వ్రాసేవారు సంపాదకులను పేరుపేరునా తలచుకొంటారు గాని తపాలా బంట్రోతును తలచుకోరు. ప్రకటనల రాబడికి అతడు చేసిన మేలు తక్కువది కాదు.

తానే ప్రకటనదారు

కృష్ణాజిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయి చేరి 1893లో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. తలనొప్పికి రాసుకొనే ఆ పచ్చని లేపనం పేరున్న సరకు, సీసాలో పట్టే సరకు, తపాలాలో పోగల సరకు. దానికి కావలసిందల్లా పేరు నలుగురి చెవిని పడడమే. 1908లో ఆయన బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించారు. 1914లో దానిని మద్రాసునుండి దినపత్రికగా తెచ్చారు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు.

పత్రికకు ఒక్క స్థిరమైన ప్రకటనదారు దొరకడమే గగనమైన రోజులలో, పత్రికాధిపతి తానే ప్రకటనదారు కావడం అపూర్వమైన ఏర్పాటు. లేపనం మీద వచ్చిన లాభం పత్రికకు ఆసరా అయింది. పత్రిక లేపనం పేరును తెలుగు ఇళ్లకు మోసుకొనిపోయింది. డాక్టరు కె.ఎన్. కేసరి కూడ ఈ బాటలోనే నడిచారు. మద్రాసులో కేసరి కుటీరం పేరిట స్త్రీల ఔషధమైన లోధ్రను తయారుచేసి అమ్మిన ఆయన 1928లో గృహలక్ష్మి అనే స్త్రీల మాసపత్రికను పెట్టారు. ఔషధం కొనేవారూ పత్రిక చదివేవారూ ఒక్కరే. వ్యాపార దృష్టితో చూస్తే ఇంతకంటె చక్కని పొందిక ఉండదు.

అయితే ఈ ఏర్పాటు అందరికీ సాధ్యం కాదు. వ్రాయగలవాడు మందు చేయలేడు, మందు చేయగలవాడు సాధారణంగా పత్రిక పెట్టడు. పైగా పత్రిక ప్రాణం ఒక సీసాలో దాగి ఉండడం క్షేమమూ కాదు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది, అమృతాంజనం నేటికీ అమ్ముడవుతూనే ఉన్నది. సీసా బ్రతికినంత మాత్రాన పత్రిక బ్రతకలేదు.

దీనికి పూర్తిగా ఎదురుదారి గాంధీమహాత్మునిది. దక్షిణాఫ్రికాలో 1903లో ప్రారంభమయిన ఇండియన్ ఒపీనియన్ మొదట్లో ప్రకటనలు తీసుకొనేది. ప్రకటనల కోసం వర్తకుల వెంట తిరగడం, వారిని మంచి చేసుకోవడం పత్రిక స్వేచ్ఛకు చెరుపని తోచి ఆయన వాటిని మాన్పించారు. తరువాత యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికలను కూడ ప్రకటనలు లేకుండానే నడిపారు. చందాలతోనే గడిచింది. గాంధీగారి పత్రికను చదవడం ఆ రోజులలో దేశసేవలో భాగమని గుర్తుంచుకోవాలి. అటువంటి పాఠకులు ప్రతి సంపాదకునికీ దొరకరు.

మందుల ప్రకటనలతో వచ్చిన చిక్కు మరొకటి ఉన్నది. సర్వరోగాలనూ కుదురుస్తామనే మందులు, మాయ ఉంగరాలు, తాయెత్తులు పత్రికల పుటలను నింపివేశాయి. స్వతంత్రం వచ్చిన తరువాత 1954లో పార్లమెంటు చట్టం చేసి, కొన్ని జబ్బులకు మందులున్నాయని ప్రకటించడాన్నీ, మంత్రమహిమలతో కుదురుస్తామనడాన్నీ నిషేధించింది. పాఠకునికి మేలే జరిగింది. కాని ఇటువంటి ప్రకటనల మీదనే పొట్టపోసుకొనే పత్రికకు ఆ పూట కూడు పోయింది.

ఉండి పత్రిక లెక్క

చిన్న పత్రికకు ప్రకటనలు రాకపోవడానికి పాఠకులు తక్కువగా ఉండడమే కారణమనుకోవడం సగం నిజమే. మిగిలిన సగం ఒక లెక్కతో తెలుస్తుంది. ఈ అంకెలు ఊహించినవే గాని, పద్ధతి నిజమైనది.

రాష్ట్రమంతటా 2 లక్షల ప్రతులు పోయే పెద్ద పత్రిక ఒకటి. ఉండినుండి చెరువుల సాగును గూర్చి వెలువడే 2 వేల ప్రతుల చిన్న పత్రిక మరొకటి. రొయ్యల మేత అమ్మే వర్తకుడు పెద్ద పత్రికలో ప్రకటనకు 20 వేల రూపాయలిచ్చాడు. ఆ పత్రిక పాఠకులలో నూటికి ఒక్కరికి చెరువున్నదనుకొంటే, అతని మాట చేరవలసిన చోటికి చేరినది 2 వేల మందికి. ఒక్కొక్క రైతుకు 10 రూపాయలు పడింది. చిన్న పత్రిక పాఠకులు 2 వేల మందీ చెరువుల రైతులే. ఆ లెక్కన దానికి కూడ 20 వేలు ఇవ్వవచ్చును గదా! కాని వర్తకుడు వెయ్యి రూపాయలిచ్చి మహోపకారం చేసినట్లు భావిస్తాడు.

ఎందుకిలా జరుగుతుంది? మొదటిది, 2 వేల ప్రతులు నిజంగా పోతున్నాయని అతనికి నమ్మకం ఏది? ఈ నమ్మకం కోసమే 1948లో మన దేశంలో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అనే సంస్థ ఏర్పడింది. అది పత్రికల లెక్కలు తనిఖీ చేయించి ఎన్ని ప్రతులు అమ్ముడవుతున్నవో ధ్రువీకరిస్తుంది. కాని తనిఖీకి ఖర్చున్నది, అది చిన్న పత్రికకు బరువు. రెండవది మరింత ముఖ్యం. పెద్ద ప్రకటనలు ఏజెన్సీల ద్వారా వస్తాయి. ఏజెన్సీకి వాడుకగా వచ్చిన కమీషను నూటికి 15. అంటే 20 వేల ప్రకటనమీద 3 వేలు, వెయ్యి రూపాయల ప్రకటనమీద 150. ఉత్తరాలు, నమూనాలు, బిల్లులు, వసూళ్లు రెండింటికీ సమానమే. 150 రూపాయల కోసం ఆ శ్రమ ఎవరు పడతారు? చిన్న పత్రికను దెబ్బతీసేది దాని చిన్నతనం కాదు, చిన్న బేరం కుదర్చడానికి కూడ పెద్ద బేరమంత ఖర్చు కావడమే.

ప్రభుత్వం ఈ అసమానతను తగ్గించాలని ఒకమారు ప్రయత్నించింది. 1954లో నివేదిక ఇచ్చిన ప్రెస్ కమీషను సలహాపై 1956లో ఒక చట్టమూ, 1960లో దాని క్రింద ఒక ఉత్తరువూ వచ్చాయి. పత్రిక ఎన్ని పుటలిస్తే ఎంత వెల పెట్టాలో, ప్రకటనలకు ఎంత చోటు ఉండవచ్చునో నియమించే ఏర్పాటు అది. పెద్ద పత్రికలు ఎక్కువ పుటలను చవుకగా ఇచ్చి చిన్నవాటిని మింగకుండా చేయాలని ఉద్దేశం. పూనానుండి వెలువడే మరాఠీ దినపత్రిక సకాళ్ వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1961లో కోర్టు ఆ చట్టాన్ని, ఉత్తరువును కొట్టివేసింది. ప్రకటనల చోటు తగ్గిస్తే పత్రిక వెల పెరుగుతుంది, వెల పెరిగితే పాఠకులు తగ్గుతారు, పాఠకులు తగ్గడం వాక్‌స్వాతంత్ర్యానికే భంగం అని తీర్పు సారాంశం. జిరార్దాఁ లెక్కను తలక్రిందులు చేసి చదివితే ఇదే వస్తుంది.

ఊరి వర్తకుడు పత్రికలోకి వచ్చిన విధం

చట్టం చేయలేని పనిలో కొంత భాగాన్ని వ్యాపారపు తెలివి సాధించింది. రామోజీరావు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడును ప్రారంభించారు. చిట్‌ఫండు, పచ్చళ్ల వ్యాపారాలు నడిపిన ఆయనకు ప్రకటనల వృత్తితో కూడ పరిచయమున్నది. 1989లో ఆ పత్రిక, ప్రధాన సంచికతోపాటు జిల్లాకొక చిన్న సైజు అనుబంధాన్ని ఇవ్వసాగింది. దానిలో జిల్లా వార్తలు, జిల్లా ప్రకటనలు. భారత భాషా పత్రికల విస్తరణను పరిశోధించి 2000లో గ్రంథం ప్రచురించిన రాబిన్ జెఫ్రీ అనే పండితుడు ఈ ఏర్పాటును విశేషంగా పేర్కొన్నారు.

దీనిలోని కిటుకు ఇది. భీమవరం బట్టల దుకాణదారు శ్రీకాకుళం పాఠకునికోసం డబ్బెందుకిస్తాడు? అతనికి కావలసినది ఉండి, ఆకివీడు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం. అంతవరకు అతనికి అందుబాటులో ఉన్నవి గోడమీద సున్నపు వ్రాతలు, సినిమాహాలులో విరామమప్పుడు వేసే స్లయిడ్లు, రిక్షాలో మైకు. జిల్లా పుటలో రేటు తక్కువ, పాఠకుడు తనవాడే. పత్రికకు కూడ లాభమే: ఒక పెద్ద ప్రకటనకు మారుగా వంద చిన్నవి. వాటిని పోగుచేయడానికి ఊరూరా మనుషులను పెట్టుకోవలసి వచ్చింది. పెద్ద పత్రికకు ఆ శక్తి ఉన్నది గనుక చెల్లింది. పల్లె నుండి స్వతంత్రంగా వెలువడే చిన్న పత్రికకు మాత్రం పెద్ద పత్రికే ఊరి వర్తకుని గుమ్మంలో పోటీకి వచ్చి కూర్చున్నది.

యంత్రం నడిపే పాట

ఊరి చెరువును పంచాయతీవారు ఏటా పాటకు పెట్టడం గోదావరి జిల్లాలలో అందరూ ఎరిగినదే. ఇంటర్నెట్టులో ప్రకటనలకు చోటు కూడ పాటలోనే అమ్ముడుపోతుంది. తేడా ఏమంటే ఈ పాట పాఠకుడు పుట తెరిచిన ప్రతిసారీ, కనురెప్ప పాటులో, మనుషుల ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. గూగుల్ సంస్థ 2002లో తన వెతుకులాట పుటలపై ఈ ఏర్పాటు మొదలుపెట్టి, 2003లో యాడ్‌సెన్స్ అనే పేరుతో ఇతరులు వ్రాసే పుటలకు కూడ విస్తరింపజేసింది. వ్రాసేవాడు తన పుటలో కొంత చోటు వదిలిపెడితే చాలు. పుటలో ఏమున్నదో యంత్రమే చదివి, దానికి తగిన ప్రకటన తెచ్చి పెడుతుంది. రొయ్యల గురించి వ్రాస్తే రొయ్యల మేత.

ఇంతవరకు చెప్పిన రెండు అడ్డంకులూ ఇక్కడ తొలగిపోయాయి. ఎంతమంది చూశారో యంత్రమే లెక్కపెడుతుంది గనుక నమ్మకం ప్రశ్న లేదు. బేరం కుదర్చడానికి ఖర్చు దాదాపు సున్న. ఐదు రూపాయల ప్రకటన కూడ గిట్టుతుంది. ఉండిలో కూర్చుని వ్రాసేవానికి ఇది కల్పవృక్షమే కావలసింది. కాని తెలుగులో వ్రాసేవానికి కాలేదు.

మొదటి కారణం అక్షరం. కంప్యూటరు అక్షరాన్ని సంఖ్యగా గుర్తుంచుకొంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలకు ప్రత్యేకమైన సంఖ్యలున్నాయి. కాని చాలా ఏళ్లపాటు తెలుగు పుటలను ఎవరి సొంత ఫాంటుతో వారు తయారుచేసుకొన్నారు. అంటే ఇంగ్లీషు అక్షరపు సంఖ్య పెట్టి దాని బొమ్మను మాత్రం తెలుగుగా గీశారు. మనిషికంటికి అది తెలుగు. యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. చదవలేని పుటకు తగిన ప్రకటన ఎలా తేగలదు?

పుటలు యూనికోడ్‌లోకి మారిన తరువాత కూడ రెండవ అడ్డంకి నిలిచింది. ఆ సంస్థ ఏ భాషలలో ప్రకటనలు ఇస్తుందో జాబితా ఉన్నది. హిందీకి 2014లో చోటు దొరికింది. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షలమంది మాతృభాష అయిన తెలుగుకు 2018లో గాని దొరకలేదు. యాడ్‌సెన్స్ పుట్టిన 15 ఏళ్లకు!

ఈ 15 ఏళ్లలో అసలు సంగతి ఒకటి జరిగిపోయింది. 2009లో గూగుల్ తన పద్ధతిలో కొత్త మార్గం చేర్చింది. పుటలో ఏమున్నదని గాక, పాఠకుడు ఇంతకుముందు ఏయే పుటలు చూశాడని గమనించి, అతని ఆసక్తులనుబట్టి ప్రకటన పెట్టడమే ఆ మార్గం. దీని ఫలితం చూడండి. చిన్న పత్రికకున్న ఒకే ఒక్క బలం, తనకు కావలసిన పాఠకులందరూ ఒకచోట చేరి ఉండడం. రొయ్యల మేత వర్తకుడు చెరువుల రైతును వెతుక్కొంటూ చెరువుల పత్రికకే రావలసి ఉండేది. ఇప్పుడు రావలసిన పనిలేదు. ఆ రైతు క్రికెట్టు స్కోరు చూస్తున్నప్పుడో, సినిమా పాట వింటున్నప్పుడో యంత్రం అతన్ని గుర్తుపట్టి అక్కడనే మేత ప్రకటన చూపగలదు. అక్కడ చోటు చవుక, చోటుకు అంతులేదు. పాఠకుని చూపు పత్రికనుండి విడివడి విడిగా అమ్ముడుపోయే సరకైంది. తెలుగుకు తలుపు తెరిచేనాటికి లోపల ఉన్న సొత్తు చేయి మారింది.

ఉండి ప్రాంతంలో వర్తకులు లేక కాదు. ఊరిలో కృషి విజ్ఞాన కేంద్రమున్నది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చినప్పటినుండి మేత, పిల్ల, ఏరేటర్లు, ఖనిజ లవణాలు, మందులు అమ్మే దుకాణాలు భీమవరం, ఆకివీడు, కైకలూరు పట్టణాలలో బాగా పెరిగాయి. రైతుకు సలహా కావాలి, వర్తకునికి రైతు కావాలి. నడుమ వ్రాసేవానికి దక్కేదెంత?

యాడ్‌సెన్స్ రాబడి 100 డాలర్లకు చేరితేగాని డబ్బు పంపరు. తొలి 10 డాలర్లు కూడగానే చిరునామా నిజమైనదా అని చూడడానికి ఒక రహస్య సంఖ్యను కవరులో పెట్టి తపాలాలో పంపుతారు. వి.పి.పి. పొట్లాలు మోసిన తపాలాయే ఇక్కడ మళ్లీ కనబడుతుంది. సొంత ప్రకటనను తానే నొక్కినా, స్నేహితులచేత నొక్కించినా యంత్రం పట్టుకొని ఖాతా మూసివేస్తుంది. 100 డాలర్లు 8 వేల రూపాయలకు పైమాటే. లెక్క సులువుకోసం 8 వేలే అనుకొందాం. వెయ్యిసార్లు చూస్తే 40 రూపాయలు వస్తుందని కూడ అనుకొందాం. 8 వేలు రావడానికి 2 లక్షలసార్లు చూడాలి. మన ఊహా పత్రిక పాఠకులు 2 వేలమంది. ఒక్కొక్కరు 100 సార్లు చూడాలి. వారానికొక వ్యాసం వ్రాసి, ప్రతి పాఠకుడూ ప్రతి వ్యాసాన్నీ తప్పక చదివితే, తొలి డబ్బు చేతికి రావడానికి సుమారు రెండేళ్లు.

భీమవరంలో ఒక మేత దుకాణదారుని కలిసి, నెలకు వెయ్యి రూపాయలకు అతని పేరు పుటపైన వేయడానికి ఒప్పించగలిగితే ఆ 8 వేలు 8 నెలలలో వస్తాయి. కాకపోతే ఆ దుకాణంలో మేత నాసిరకమని రైతులు చెప్పుకొన్న నెలలో పత్రికలో ఏమి వ్రాయాలన్నది సంపాదకుడు తేల్చుకోవాలి.